పంట బజారు మీదుగా పోవడం ఎప్పుడు ఆగింది? (ఉరవకొండ, గుంతకల్లు, ఆదోని వైపు వాళ్లు చెప్పండి)

పాతబజారు · శనివారం రాత్రి 9:40

మా పెద్దనాన్న అంగడి ఈ నెలాఖరుకు మూసేస్తున్నాం. ఉరవకొండ వైపు మాది. పేరుకు కిరాణా అంగడే కానీ ఉప్పు, బెల్లం మొదలు గొర్రుకు కట్టే తాళ్ల దాకా అన్నీ దొరికేవి. నిన్న అటక మీద సర్దుతుంటే పాత ఖాతా పుస్తకాలు పదమూడు బయటపడ్డాయి. ఎర్రగుడ్డ అట్టలు. లోపల ఒక్కో ఊరికి కొన్ని పుటలు కేటాయించి, ఒక్కో పేరు కింద జూన్ నుంచి అక్టోబరు దాకా తీసుకున్నవన్నీ రాసి ఉన్నాయి. "కలుపు కూలోళ్లకు బియ్యం", "కిరసనాయిలు", "పాప బట్టలకు నగదు 200". నవంబరులో అడ్డంగా ఒక గీత, పక్కన "బుడ్డలు ముట్టినవి, చెల్లు" అని. బుడ్డలంటే వేరుశనగ కాయలు. అంతే, ఆ యేటి లెక్క ముగిసింది.

2000 నుంచి చెల్లు గీతలు పలచబడతాయి. ఆ యేడు కాండం కుళ్లు వైరస్ వచ్చి పంట పోయింది కదా. 2002 కరువు పుస్తకంలో సగం పేర్ల కింద గీతే లేదు. 2009 తర్వాత అసలు పుస్తకమే లేదు.

ఆన్‌లైన్ వచ్చి అంగళ్లను చంపేసిందని అందరూ అంటున్నారు. పెద్దనాన్న ఒప్పుకోడు. "ఫోన్లు రాకముందే మన పని అయిపోయింది. బండ్లు మన వీధిలోకి రాకుండా పోయినాయి, అప్పుడే అయిపోయింది" అంటాడు. బండ్లంటే బుడ్డల బండ్లు.

మీ ఊళ్లలో ఏం జరిగిందో చెప్పండి. ఇంకో విషయం, అంగడి అద్దెకు గోల్డ్ లోన్ వాళ్లు అడుగుతున్నారు. మా వీధిలో ఇప్పటికే అలాంటివి మూడున్నాయి. ఇవ్వాలా వద్దా?

---

సీమ కుర్రాడు · శనివారం రాత్రి 10:05

అన్నా, బాధ అర్థమైంది కానీ ఒక మాట చెప్తా, తిట్టొద్దు. మా బజారులో చొక్కా కొందామని పోతే పై అరలో ఉన్నది తీయమని మూడుసార్లు అడగాలి. తీశాక కొనకపోతే ఆయన మొహం చూడలేం. సైజు సరిపోలేదని వాపసు పట్టుకుపోతే "ఉతికినారా ఏంది" అంటాడు. యాప్‌లో అయితే నచ్చకపోతే వాళ్లే ఇంటికొచ్చి తీసుకుపోతారు. మా మండలంలో డెలివరీ కుర్రోళ్లు ఇప్పుడు ఆరుగురు. రెండేళ్ల కింద ఒక్కడే. అంగడి వాళ్లు మారలేదు, జనం మారారు. బుడ్డలకూ దీనికీ సంబంధం నాకైతే కనపడలేదు.

---

మిల్లు మేస్త్రి · శనివారం రాత్రి 11:20

కనపడదులే నాయనా, నువ్వు పుట్టేసరికి మిల్లులు మూతపడి ఉంటాయి.

నేను గుంతకల్లులో నూనె మిల్లులో ఇరవై రెండేళ్లు చేసినా. సీజన్‌లో మూడు షిఫ్టులు. కాయలు వచ్చేవి, పొట్టు ఆడేవాళ్లం, గింజలు నూనె పిండే ఎక్స్‌పెల్లర్‌కు పోయేవి. నూనె ట్యాంకర్లకు, నూనె తీశాక మిగిలే చెక్క పశువులకు, పొట్టు బాయిలర్‌కు. పారేసేది ఏమీ లేదు. మిల్లు బయట ఎంతమంది బతికేవాళ్లో లెక్కేసుకోండి. చిరిగిన గోనెసంచులు కుట్టే ముసలాయన, బండి చక్రాలకు పట్టాలు వేసే కమ్మరి, ఎద్దులకు లాడాలు కొట్టేవాడు, హమాలీలకు పొద్దున్నే ఉగ్గాని పెట్టే ఆమె, తూకం దగ్గర కూచునే గుమాస్తా. వాళ్లందరూ కూలి డబ్బు సాయంత్రానికి అదే వీధిలో ఖర్చు పెట్టేవాళ్లు.

1994లో పామోలిన్ ఎవరైనా దిగుమతి చేసుకోవచ్చన్నారు. మొదట 65 శాతం సుంకం ఉండేది. నాలుగేళ్లలో అది 15కి దిగింది. మలేషియా నూనె మన నూనె కంటే చవకగా దొరుకుతుంటే మన మిల్లోడు కాయలకు ధర యాడ నుంచి తెచ్చిపెడతాడు? మొదట రెండో షిఫ్టు తీసేశారు. తర్వాత సీజన్‌లో మాత్రమే ఆడించారు. ఆ తర్వాత గేటుకు తాళం.

మా మిల్లు ఇప్పుడు ఫంక్షన్ హాలు. పోయిన మాఘంలో పెళ్లికి పోయినా. రంగులేసి, సీలింగుకు గుడ్డలు కట్టి బాగానే చేశారు. భోజనాల వైపు గోడకు కింద మూరెడు ఎత్తున నూనె మరక మాత్రం ఎన్నిసార్లు సున్నమేసినా పైకి తేలుతోంది. ఎక్స్‌పెల్లర్ ఉన్న చోటే ఐస్‌క్రీం స్టాల్ పెట్టినారు.

---

కడప గడప · ఆదివారం ఉదయం 7:15

బుడ్డలు ఏంది సామీ, శెనక్కాయలు అనండి. మాకు బుడ్డలంటే కిరసనాయిలు దీపాలు.

---

మిల్లు మేస్త్రి · ఆదివారం ఉదయం 7:32

కర్నూలు, అనంతపురంలో బుడ్డలే. మీ కడపలో ఏమన్నా అనుకోండి. గవర్నమెంటోళ్ల మాదిరి వేరుశనగ అనకుంటే చాలు.

---

కడప గడప · ఆదివారం ఉదయం 8:10

సరే, ఒప్పుకున్నా. అసలు విషయానికొస్తా. అన్ని బజార్లూ పోలేదు. ప్రొద్దుటూరు చూడండి, బంగారు బజారు ఇప్పటికీ కిటకిటలాడుతుంది. ముహూర్తాల కాలంలో ఇరుకు సందుల్లో మనిషి మనిషిని రాసుకుని నడవాల్సిందే. అక్కడ కూడా ఫోన్లున్నాయి, యాప్‌లున్నాయి. మరి ఎందుకు పోలేదు? కర్నూలు నుంచి, అనంతపురం నుంచి కూడా పెండ్లి నగలకు అక్కడికే వస్తారు కాబట్టి. బయట డబ్బు వచ్చి పడుతోంది. అదే కడప వైవీ స్ట్రీట్‌లో మా మామ స్టీలు సామాన్ల అంగడి, పండగ పూట కూడా ఈగలు తోలుకోవడమే.

---

సీమ చీనీ · ఆదివారం ఉదయం 9:48

పెద్దాయన చెప్పిన బండ్ల మాట నిజం. నేను రైతును, నా లెక్కే చెప్తా.

మా నాయన పద్దెనిమిది ఎకరాలు బుడ్డలు వేసేవాడు. పండితే ఊరి బజారుకే తోలాలి, ఇంకో దారి లేదు. అమ్మిన రోజే అక్కడే బాకీలు కట్టి, అమ్మకు చీర, ఎద్దులకు కొత్త పగ్గాలు, మాకు మిఠాయి పొట్లం తెచ్చేవాడు. ఇంటికొచ్చేసరికి డబ్బు సగం కంటే తక్కువ మిగిలేది.

ఇప్పుడు నాకు ఆరెకరాలు చీనీ (బత్తాయి), నాలుగెకరాలు అరటి, మిగతాది బీడు. అరటికి కంపెనీ వాళ్లే తోటలోకొస్తారు. గెలలు కోసి, అక్కడే కడిగి, హస్తాలు చేసి, అట్టపెట్టెల్లో సర్ది ఏసీ కంటైనర్ ఎక్కిస్తారు. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబై రేవుకు ప్రత్యేకంగా రైలే పోయింది, అక్కడ నుంచి గల్ఫ్‌కు. అదే యేడు సెప్టెంబరులో అనంతపురం నుంచి ఢిల్లీకి కిసాన్ రైలు కూడా వేశారు. గొప్పగానే అనిపించింది, నేను కూడా ఫోటో దిగినా. నా కాయ దుబాయికి పోతుంది, మా ఊరి బజారుకు మాత్రం పోదు. డబ్బు బ్యాంకులో పడుతుంది. డ్రిప్ పైపులు, మందులు అనంతపురంలో కొంటా. పిల్లోడి ఫీజు బెంగళూరుకు పోతుంది. ఊరి బజారులో నేను పెట్టే ఖర్చు టీ, బీడీ కట్ట, మోటారు కాలిపోతే వైండింగ్. మోటారు తరచుగానే కాలుతుందిలే.

చీనీ రైతులంతా కోటీశ్వరులని ఎవరూ అనుకోవద్దు. వెయ్యి అడుగులు వేసినా నీళ్లు పడని బోర్లు నావి రెండు ఉన్నాయి. ఒక మార్కెట్‌లో కాయ తూకం వేసి, "సూట్" అని టన్నుకు క్వింటా కోసేశారు. ఎందుకంటే, ఆనవాయితీ అన్నారు.

---

ఎర్రమిరప · ఆదివారం ఉదయం 10:30

మాది విడపనకల్లు వైపు. కాలువ నీళ్లొచ్చే చేలల్లో బుడ్డలు పోయి మిరప వచ్చింది. ఎండుమిరప ఇక్కడ ఎవరు కొంటారు? నలుగురు రైతులం కలిసి లారీ మాట్లాడుకుని కర్ణాటకలో బ్యాడిగికి తోలతాం. రాత్రి బయల్దేరితే తెల్లారేసరికి అక్కడ. టెండరు పడేదాకా మూటల మీదే నిద్ర, పొడుం ఎగిరి తుమ్ములే తుమ్ములు. 2024 మార్చిలో ధర ఒక్కసారిగా పడిన రోజు అక్కడ జరిగిన గొడవ అందరూ టీవీలో చూసినారు. అందులో మనోళ్లు కూడా చానామంది ఉన్నారు.

ధర బాగుంటే ఏం చేస్తామో కూడా చెప్తా. వచ్చే దారిలో బళ్లారిలో ఆగి బట్టలు, సామాన్లు అక్కడే కొనుక్కుంటాం. ఉరవకొండ బజారులో లారీ దిగనే దిగం, అర్ధరాత్రి అవుతుంది కదా.

---

మోడరేటర్ · ఆదివారం ఉదయం 11:02

రెండు పోస్టులు తీసేశాను. ఏ ప్రభుత్వం ఏం పీకిందో వేరే చోట కొట్టుకోండి. ఇక్కడ అంగడి గురించి, పంట గురించి మాట్లాడండి.

---

లక్ష్మి, ఎలక్ట్రానిక్ సిటీ · ఆదివారం మధ్యాహ్నం 1:25

పొద్దున్నుంచి చదువుతున్నా. అందరూ ఆ బజారును తలుచుకుని కళ్లనీళ్లు పెట్టుకుంటుంటే నాకు ఒళ్లు మండుతోంది.

మా అమ్మ అలాంటి అంగడి బయట అరుగు మీద కూచుని బుడ్డలు ఒలిచేది. మాది ఆమిద్యాల. మే నెల మొదలైతే విత్తనాలకు కాయలు ఒలవాలి. మిషన్లో వేస్తే పప్పు బద్దలవుతుందని చేత్తోనే ఒలిపించేవాళ్లు. ముందు రెండు వేళ్ల మధ్య నొక్కేది. మధ్యాహ్నానికి బొటనవేలు గోరు కింద చర్మం లేచిపోయేది, అప్పుడు పళ్లతో కొరికేది. శేరు లెక్కన కూలి. ఒలిచిన పప్పులో ఒకటి నోట్లో వేసుకుంటే గుమాస్తా కేకలు. సాయంత్రం ఆ కూలి చేతికిచ్చేవాళ్లా? లేదు. ఖాతాలో తగ్గించి రాసుకునేవాళ్లు.

ఆ "చెల్లు" అనే గీత ఎలా వచ్చేదో కూడా రాయండి పాతబజారు గారూ. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. అప్పు తీసుకున్నాక పంట వేరే మండీకి తోలకూడదు. కాయలకు ధర కట్టేది ఆయనే, తూకం ఆయనదే, తాలు ఇంత అని కోసేదీ ఆయనే. బజారు కళకళలాడిందంటే అందులో మా వేలిగోళ్లు కూడా ఉన్నాయి.

నాకు డెలివరీ యాప్ బాగుంది. ధర అందరికీ ఒకటే చూపిస్తుంది, అరుగు మీద కూచోబెట్టదు.

---

సీమ కుర్రాడు · ఆదివారం మధ్యాహ్నం 1:41

అక్కా 🙏

---

పాతబజారు · ఆదివారం మధ్యాహ్నం 2:50

లక్ష్మి గారూ, మీరు రాసింది అబద్ధమని నేను అనలేను. పుస్తకంలో వడ్డీ కాలమ్ ఉంది. నూటికి రెండే, కరువు సంవత్సరాల్లో కొందరికి మూడు కూడా. నిన్న దాని గురించి నేను రాయలేదు, కావాలనే వదిలేశానేమో. తాలు కోత పుస్తకంలో లేదు కానీ ఉండే ఉంటుంది.

---

ఆదోని దూది · ఆదివారం సాయంత్రం 5:05

లక్ష్మి గారి మాటతో ఏకీభవిస్తూనే ఒకటి చెప్తా. మా ఆదోని ఇంకా బతికి ఉందంటే పంట ఇంకా ఊళ్లోకి వస్తుంది కాబట్టే. పత్తి, బుడ్డలు, ఆముదం మార్కెట్ యార్డుకొస్తాయి. సీజన్‌లో తొమ్మిది దాటితే హోటళ్లలో ఉగ్గాని బజ్జీ అయిపోతుంది. యార్డు సెలవున్న రోజు అదే వీధిలో కుక్కలు పడుకుంటాయి. దీనికంటే రుజువు ఏం కావాలి?

అయితే ఊపిరి సన్నబడుతోంది. ఒకప్పుడు మా ఊరిని రెండో ముంబై అనేవాళ్లు (ప్రొద్దుటూరు వాళ్లు కూడా ఇదే అంటారు, గొడవకు రావద్దు). పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లులు కొన్ని మూతపడ్డాయి. 2025 ఆగస్టులో బయటి పత్తి మీద ఉన్న 11 శాతం దిగుమతి సుంకం తీసేశారు, సరిగ్గా మన పంట కాయ పగిలే ముందు. మొదట సెప్టెంబరు దాకా అన్నారు, తర్వాత డిసెంబరు దాకా పొడిగించారు. 2025-26లో మద్దతు ధర పొడుగు పింజకు 8,110 అని కాగితం మీద ఉండింది. తేమ ఎక్కువ ఉందంటే మాత్రం ఆ కాగితం పనికిరాదు. మేస్త్రి గారి పామోలిన్ కథ చదువుతుంటే మా కథే చదివినట్టుంది.

ఇంకోటి సుగ్గి, అంటే పని కోసం వలస పోవడం. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు వైపు ఊళ్లు ఖాళీ అవుతాయి. పిల్లాపాపలతో, గిన్నెలతో, కోళ్లతో సహా గుంటూరు మిరపకాయలు కోయడానికి పోతారు. ఊళ్లో ముసలోళ్లు, తాళాలు మిగులుతారు. మూడు నాలుగు నెలలు ఆ ఇళ్ల సబ్బూ, ఉప్పూ, బియ్యం అంతా గుంటూరు జిల్లాలోనే కొంటారు. ఉగాదికి తిరిగొచ్చాక మా బజారుకు పదిహేను రోజులు పండగ. అంగడోళ్లు వాళ్ల బస్సులు ఎప్పుడొస్తాయని ఎదురుచూస్తుంటారు.

---

బడిపంతులు (విశ్రాంత) · ఆదివారం రాత్రి 8:30

ఎవరూ అడగలేదు కానీ చెప్తాను, అలవాటు.

మా తాత కాలంలో మా ఊరి చేలల్లో కొర్ర, జొన్న, సజ్జ, ఉలవ, ఆముదం. ఇంట్లో తినేది చేలోనే పండేది. బజారంటే వారం సంత, ఉప్పుకు, గుడ్డకు, కుండలకు మాత్రమే. బుడ్డలు వచ్చాక పంట మొత్తం అమ్మి, తిండి మొత్తం కొనడం మొదలైంది. తొంభైలకు ఉమ్మడి అనంతపురం జిల్లాలో ముంగారు (ఖరీఫ్) సాగులో ముప్పాతిక వంతు దాకా బుడ్డలే. యేటికి 550 మిల్లీమీటర్ల వాన పడే చోట, ఒకే పంట. అదీ ఊడలు దిగే సమయంలో ఇరవై రోజులు వాన మొహం చాటేస్తే కాయే ఉండదు, కట్టె మాత్రమే. ఎకరాకు అరవై కిలోల పప్పు మట్టిలో పోస్తాం, ఆ పెట్టుబడికి అప్పు. అంటే ఇప్పుడు మీరు ఏడుస్తున్న బజారును కట్టింది బుడ్డలే, పడగొట్టిందీ బుడ్డలే. కదిరి పరిశోధన కేంద్రం వాళ్లు కె-6 రకం విత్తనం ఇచ్చారు, తర్వాత లేపాక్షి రకం ఇచ్చారు, వాళ్ల తప్పేం లేదు. విత్తనం మారితే వాన మారదు కదా.

నేను రిటైరై పదకొండేళ్లు. ఇంట్లో కొర్రలు వండించుకుంటున్నాను. మా తాత విసుక్కుంటూ తిన్నవే, ఇప్పుడు సూపర్ మార్కెట్‌లో అరకిలో ప్యాకెట్‌లో సోనామసూరి కంటే ఎక్కువ ధరకు కొంటున్నాను. నవ్వొస్తుంది.

---

సీమ కుర్రాడు · ఆదివారం రాత్రి 9:12

ఒక ఐడియా. అంగడిలో కట్టె గానుగ పెట్టండి అన్నా. మన బుడ్డల నూనె, మన ఊరి పేరు, ఇన్‌స్టాలో రీల్స్. బెంగళూరోళ్లు రిఫైన్డ్ కంటే రెట్టింపు ఇచ్చి కొంటున్నారు. నేను పేజీ చూసుకుంటా.

---

మిల్లు మేస్త్రి · ఆదివారం రాత్రి 9:55

గానుగ పెట్టొచ్చు. ఆడించే మనిషి కావాలి, పప్పు ఎండు చూడటం రావాలి, చెక్క అమ్ముడుపోవాలి. పశువులు యాడున్నాయి చెక్క కొనేదానికి? నూనె ఒక్కటే అమ్మితే గిట్టదు, చెక్క అమ్మితేనే గిట్టుతుంది. ఇది ముప్పై యేండ్ల కిందటి లెక్క కానీ ఇప్పుడూ అంతే. పెద్దాయన వయసెంత? ఆయన చేత చేయించొద్దు. నువ్వు ఉద్యోగం మానేసి కూచుంటావా? అట్లయితే నేనొచ్చి వారం రోజులు నేర్పిస్తా. ఊరికే అనడం కాదు, వస్తా.

---

సీమ చీనీ · ఆదివారం రాత్రి 10:20

గోల్డ్ లోన్ వాళ్లకు ఇచ్చేయ్ అన్నా. అద్దె ఒకటో తేదీకే పడుతుంది. నా భార్య గాజులు కూడా అక్కడే ఉన్నాయి, మీ వీధిలోనే 😀

---

లక్ష్మి, ఎలక్ట్రానిక్ సిటీ · ఆదివారం రాత్రి 11:45

పాతబజారు గారూ, ఒక సాయం. ఆ పుస్తకాల్లో ఆమిద్యాల పుటలు ఉన్నాయా? మా తాత పేరు మీకు మెసేజ్‌లో పంపాను. ఏ అంగడి అరుగు అనేది మధ్యాహ్నం రాయలేదు, ఇప్పుడు అమ్మకు ఫోన్ చేసి అడిగితే మీ అంగడి ఆనవాళ్లే చెప్తోంది. ఎదురుగా రాగిచెట్టు, తలుపుకు కుడివైపు రాతి అరుగు.

---

పాతబజారు · సోమవారం ఉదయం 6:50

మాదే. రాగిచెట్టు రోడ్డు వెడల్పులో కొట్టేశారు.

2002 పుస్తకం, ఆమిద్యాల, నాలుగో పుట. పేరు ఉంది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా: "బియ్యం 12 శేర్లు. కిరసనాయిలు. గొర్రు తాళ్లు జత. విత్తనాల బాకీ 900. కోడలి కాన్పుకు నగదు 300. ఒలిచిన కూలి జమ 85." మొత్తం బాకీ 1,640. కింద గీత లేదు. వడ్డీ కాలమ్‌లో ఏదో రాసి కొట్టేసినట్టుంది, చదవడానికి రావడం లేదు.

---

లక్ష్మి, ఎలక్ట్రానిక్ సిటీ · సోమవారం ఉదయం 7:25

ఆ కాన్పు మా తమ్ముడిది. వాడిప్పుడు పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీకి పోతున్నాడు.

85 రూపాయలంటే ఎన్ని శేర్లు ఒలిచి ఉంటుందో.

వడ్డీతో కలిపి ఎంతవుతుందో లెక్క కట్టి చెప్పండి. ఫోన్‌పే చేస్తాను. మా తాత పేరు కింద గీత లేకుండా ఉండటం నాకిష్టం లేదు.

---

పాతబజారు · సోమవారం ఉదయం 8:40

పెద్దనాన్నకు చదివి వినిపించా. మీ తాత ఆయనకు గుర్తున్నాడు, ఎడమచేత్తో బీడీ తాగేవాడట. వడ్డీ ఎంత అని అడిగితే జవాబు చెప్పకుండా లోపలికి పోయాడు. కాసేపటికి వచ్చి నాకు ఫోన్‌పే లేదు అన్నాడు. ముప్పయ్యో తేదీ దాకా అంగడి తెరిచే ఉంటుంది.

---

లక్ష్మి, ఎలక్ట్రానిక్ సిటీ · సోమవారం ఉదయం 8:58

ఆదివారం వస్తాను. అమ్మను కూడా తీసుకొస్తా. అరుగు ఉందా, అదీ కొట్టేశారా?

---

పాతబజారు · సోమవారం ఉదయం 9:03

ఉంది. కానీ లోపల కుర్చీ వేయిస్తాను.